గట్టు మీద సైకిలు: ఒక గృహస్థుడి గోడు

అల్లుడు అమెరికాలో ఉంటే మామగారి మోకాళ్లకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. అక్కడ వాళ్లు కార్లెక్కుతారు, సెలవులకి వచ్చినప్పుడు మనల్నీ ఎక్కిస్తారు, అంతటితో సరి. మా అల్లుడుగారు నెదర్లాండ్స్ వెళ్లారు. అక్కడ సైకిలు తొక్కుతారు. తొక్కి ఊరుకోకుండా, తొక్కినట్టు రుజువుగా వీడియో తీసి, సరిగ్గా నేను పకోడీల పళ్లెం ముందు కూచునే వేళకి పంపుతారు.

వీడియోలో ఓ గట్టుంటుంది. గట్టుకి ఇటు కాలువ, అటు పచ్చిక, పచ్చికలో ఆవులు, దూరంగా గాలిమర. ఎనభై దాటినట్టున్న ఓ మామ్మగారు మా అల్లుడుగారిని సునాయాసంగా దాటుకుని ముందుకెళ్లిపోతుంది. చివర్లో నార్డెన్ అనే పాత కోట ఊరొస్తుంది. అక్కడ కాఫీ తాగి, ఇంకో గట్టు మీదుగా బయల్దేరిన చోటికే చేరతారు. “మావయ్యగారూ, ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. అచ్చం మన కొల్లేరే. మీరూ అత్తయ్యగారూ ఎందుకు తిరగరు?” అన్నారు ఓ ఆదివారం. మా ఆవిడ ఆ మాట విని నా పొట్ట వైపు చూసింది. నా కష్టాలకి పునాదిరాయి అక్కడే పడింది.

ముందు మూలసూత్రం మీదే నా అభ్యంతరం. బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి బయల్దేరడం దేనికి? మా వంశంలో ఊరు దాటితే ఓ పనుంటుంది: పెళ్లో, పరామర్శో, రిజిస్ట్రారాఫీసో. పనీ పాటా లేకుండా గుండ్రంగా తిరిగింది గానుగెద్దు ఒక్కటే. దానికైనా చివర్లో నూనె వచ్చేది.

పోనీ, పోలిక లేదని బుకాయించను. సముద్రం కన్నా పల్లంలో ఉన్న నేల చుట్టూ గట్టు వేసి, లోపలి నీళ్లు తోడి పారబోసి, మిగిలిన బురదని ఊరు చేసుకుంటే దాన్ని పోల్డర్ అంటారట. హార్లెం పక్కన వాళ్లకో పెద్ద సరస్సుండేది. ఆవిరి యంత్రాలు పెట్టి, మూడేళ్ల పైచిలుకు తోడి, 1852 నాటికి అడుగు తేల్చేశారు. మా అల్లుడుగారు విమానమెక్కే స్కిపోల్ ఆ సరస్సు అడుగునే ఉంది. అదే 1852లో ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించి గోదావరిని మా కాలువల్లోకి తిప్పాడు. అంటే, వాళ్లు నీళ్లు వదిలించుకున్న ఏడే మేం నీళ్లు తెచ్చిపెట్టుకున్నాం. రెండూ ఒకటేనంటే ఎలాగండీ? ఆ మాటకొస్తే ఒలాందావారు, అదే ఈ డచ్చివారు, మాకు కొత్తవాళ్లూ కారు. పదిహేడో శతాబ్దంలోనే బందరులో, పాలకొల్లులో మకాం వేసి బట్టల వ్యాపారం చేశారు. బట్టలు పట్టుకుపోయారు గానీ గట్టు వేసే విద్య ఒక్క ముక్క చెప్పిపోలేదు.

అల్లుడుగారు ఫోనులో గీసి పంపిన చుట్టు ఇది: ఏలూరులో బయల్దేరి, కొల్లేరు మధ్య రోడ్డు పట్టుకుని కైకలూరు, అక్కణ్ణుంచి ఆకివీడు, ఉండి, భీమవరం, ఆపైన తాడేపల్లిగూడెం, చివరికి ఏలూరు కాలువ వెంట ఇంటికి. రెండ్రోజులు హాయిగా పడుతుందట. మామ్మగారైతే ఒక రోజులో చుట్టేస్తుందని ఓ సన్నాయినొక్కు కూడా.

ఫోనులో కనిపించనివి నేను మనవి చేసుకుంటాను. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే ఆ రోడ్డు, వరదొస్తే చిన ఎడ్లగాడి దగ్గర రోడ్డుగా ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచి, ఆ పనయ్యాక తీరిగ్గా కొల్లేటికే వచ్చింది. తమ్మిలేరొచ్చినా అక్కడికే. వచ్చిన నీళ్లన్నీ సముద్రానికి వెళ్లాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. అదేమో సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ, గుర్రపుడెక్కని ఒరుసుకుంటూ, ఎవరికీ కంగారు లేని పద్ధతిలో వెళుతుంది. అంతవరకూ నీళ్లు రోడ్డు మీదే విడిది చేస్తాయి. నెదర్లాండ్స్‌లో దారి సైకిలుది. మా దగ్గర దారి నీళ్లది, మిగిలితే లారీది.

నీళ్లు తీశాక వెళ్లొచ్చు కదా అంటారా? కోతలైతే రోడ్డు సగం ధాన్యం ఆరబోతకి పోతుంది. మిగిలిన సగంలో చేపల లారీలు. ఐసు కరిగి వెనకనుంచి ధారగా కారుతూ ఉంటుంది. సైకిలు మీద వాటి వెనక పడితే బొచ్చె, శీలావతి తీర్థాలతో అభిషేకం జరిగిపోతుంది. ఆ వాసనతో ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, పెరటి దారిన నూతి దగ్గరికి పొమ్మంటుంది.

రోడ్డు దిగి గట్టెక్కితే మరో ముచ్చట. ప్రతి చెరువు గట్టుకీ ఓ కాపలా పాక, పాకకో కుక్క, కుక్కకి తోడు ఏరేటర్ల హోరు. “ఎవరి తాలూకండీ?” అని కాపలామనిషి కేకేస్తాడు. ఎవరి తాలూకా కాకుండా, చేపలు కొనకుండా, మేత అమ్మకుండా, ఊరికే గట్టు మీద తిరుగుతున్న పెద్దమనిషిని మా కొల్లేరు ఇంతవరకు చూడలేదు. చూస్తే అనుమానించడం దాని ధర్మం. ఇక రోడ్డు మీద మోటారు సైకిలు ఆపని దయామయుడు లేడు: “బండి పాడైందాండీ? ఎక్కండి, దింపేస్తాను.” నెదర్లాండ్స్ ప్రధానిగా చేసిన రూట్టే సైకిలు మీద ఆఫీసుకి వెళ్లేవాడు. మా వీధిలో పంచాయతీ సెక్రటరీ సైకిలెక్కితే ఆ సాయంత్రానికి సస్పెండయ్యాడని పుకారు పుడుతుంది.

అసలు ఆ గట్టు వచ్చే ఏడు ఉంటుందన్న పూచీ ఏది? 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రొక్లెయినర్లు దింపి, చాలనిచోట పేలుడు సామగ్రి పెట్టి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. ఏ రాత్రి లేచాయో ఎవరూ చూడలేదు. ఇలా లేస్తూ పడుతూ ఉండే గట్ల మీద సైకిలు దారి గీస్తే, సగం దూరం వెళ్లాక చక్రం నీళ్లలో ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోనైతే గట్ల కోసం, నీళ్ల కోసం విడిగా బోర్డులున్నాయట. వాటికి ఎన్నికలు కూడా. పార్లమెంటు కన్నా ముందు పుట్టిన వ్యవస్థట అది. గట్టు చిల్లుపడితే ఎవర్ని తిట్టాలో పౌరుడికి స్పష్టంగా తెలుసు. నాకా సుఖం లేదు. కొల్లేటి నీళ్లు డ్రైనేజీ వారివి, పక్షులు అటవీశాఖ వారివి, నేల కొంత రెవెన్యూది, కొంత జిరాయితీ రైతుది, చేప లీజుదారుడిది. సైకిలు పంక్చరైతే అర్జీ ఏ ఆఫీసులో పెట్టుకోవాలి? పెట్టుకున్నా అది ఆఫీసు నుంచి ఆఫీసుకి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. అల్లుడుగారికి కావలసిన చుట్టు అదే అయితే, ఏలూరు కలెక్టరేటులోనే కూచుని పూర్తి చేసుకోవచ్చు.

ఇక కోట ఊరి సంగతి. నార్డెన్ నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఆరు బురుజులు, చుట్టూ రెండు కందకాలు. మా ఏలూరుకేం తక్కువ? తమ్మిలేరు ఊరి దగ్గరికొచ్చి రెండు పాయలుగా చీలి చెరో పక్కనుంచీ కొల్లేటికి వెళుతుంది. గోదావరి నుంచి ఒకటి, కృష్ణ నుంచి ఒకటి కాలువలొచ్చి ఇక్కడ కలుస్తాయి. కందకాల ఖర్చు పైసా లేదు. తక్కువైంది కోటే. కోటదిబ్బ అని పేరుంది, దాని మీద కాలేజీ ఉంది. శాలంకాయనులు ఏలిన పెదవేగి శిథిలాల రాళ్లు మోసుకొచ్చి ఏలూరు కోట కట్టారని పాత గెజిటీర్లు రాశాయి. ఆ రాజధాని రాళ్లు కోటలోకి వచ్చాయి సరే, ఆ కోట రాళ్లు ఇప్పుడు ఎవరింటి అరుగుల్లో ఉన్నాయని అడగడం మర్యాద కాదు. కాఫీ తాగడానికి బురుజు కావాలంటున్నారు అల్లుడుగారు. కాఫీ వరకు నేను హామీ ఇవ్వగలను.

తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే ఉందని, అంత తిన్నటి చదును చుట్టుపక్కల మరోటి లేదని ఆశపెట్టి చూశాను. ఆ కొస నుంచి ఈ కొసకి తొక్కుకుని ఊరుకుంటారేమోనని. అది చుట్టు కాదట.

ఆటపాక పక్షుల కేంద్రం ఒక్కదాని మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు, ఈర్ష్య ఉంది. అక్కడ గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి అటవీశాఖ వారు నీళ్లలో ఇనుప స్టాండ్లు వేయించారు. ఒక్కో స్టాండు మీద సంసారాలే ఉంటాయి. చూడ్డానికి పడవ కూడా ఉంది. బారెడు ముక్కున్న ఆ పక్షికి స్టాండుంది. అక్కడిదాకా తొక్కుకుని వెళ్లినవాడి సైకిలుకి లేదు.

సంక్రాంతికి వస్తున్నారట. మా జిల్లాలో అల్లుడంటే ఒక లెక్కుంది: అరిసెలు తింటాడు, అలుగుతాడు, కోడిపందెం బరి దగ్గర ముందు వరసలో కుర్చీ అడుగుతాడు. అవన్నీ సమకూర్చగల శక్తి నాకు భగవంతుడిచ్చాడు. మా అల్లుడుగారు గాలి పంపు అడుగుతున్నారు. వీధి చివర సైకిలు షాపు ఎప్పుడో సెల్‌ఫోన్ల షాపైపోయింది. పంపు ఎవరి అటక మీద ఉందో నెల ముందు నుంచే వాకబు చేస్తున్నాను. మా ఆవిడ మాత్రం రెండు కావాలని కబురంపింది.