ఎర్ర అట్టపెట్టె

మాంచెస్టర్‌లో స్థిరపడిన మా డాక్టరు మావయ్యకు పాత బొమ్మరైలు బోగీలంటే ప్రాణం. అందులోనూ హార్న్‌బీవి. ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ లివర్‌పూల్ బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో 1920 నుంచి తయారుచేసిన రేకు రైళ్లవి. బోగీ చేతికి రాగానే మావయ్య ముందు కప్లింగు చూస్తాడు. పాతకాలపు కొక్కెమా, 1930లలో వచ్చిన, దానంతటదే తగులుకునే రకమా? తర్వాత చక్రాలు. రేకువా, పోతపోసినవా? ఆఖర్న కిటికీ అంచులు. మళ్లీ రంగు పూసి ఉంటే అక్కడ మందంగా పేరుకుంటుంది.

ఒక ఆదివారం పాత బొమ్మల సంతకు నన్నూ తీసుకెళ్లాడు. ‘ఆర్కేడియా’ అని పేరున్న పుల్‌మన్ బోగీలు రెండు కనబడ్డాయి. మొదటిది ఒక ముసలి మెకానిక్ బల్ల మీద ఉంది. గోధుమ, మీగడ రంగులు అక్కడక్కడా లేచిపోయాయి. దారంతో కట్టిన చిన్న కాగితం మీద “ఎనిమిది చక్రాలూ మార్చాను” అని రాసుంది.

“చక్రాలు మార్చేశాక ఇంకా అసలుదేమిటి?” అంటూ మావయ్య దాన్ని కింద పెట్టేశాడు.

రెండోది పక్క వరసలో, ఎర్ర అట్టపెట్టెలో ఉంది. మూతకు ఏనాడో కొట్టువాళ్లు అంటించిన కాగితం చెక్కు చెదరలేదు. మొదటిదానికి అయిదింతల ధర. మావయ్య బేరం కూడా ఆడలేదు.

“ఒక్కసారి విప్పి చూద్దాం మావయ్యా.”

“ఆ కాగితం చిరిగితే సగం విలువ పోతుందిరా!”

అట్టపెట్టె అద్దాల బీరువా ఎక్కింది. కొన్నేళ్లకు బీమా కోసం లోపలి సరుకు ఫొటో అడిగారు. విప్పక తప్పలేదు. రంగు నిన్న వేసినట్టుంది. మావయ్య మురిసిపోతూ బోగీని పైకెత్తాడు. ఇరుసులు మాత్రమే లేచొచ్చాయి. చక్రాలు తడి తగిలిన సున్నపు గడ్డల్లా ఉబ్బి, పగిలి, పెట్టె అడుగున పొడిగా రాలి ఉన్నాయి.

ఆ కాలంలో చక్రాలు పోసిన జింకు మిశ్రమానికి ఉన్న జబ్బే అది. పోతలో రవ్వంత సీసం కలిసినా చాలు, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపల్నుంచే చిట్లుతుంది. పట్టాల మీద తిరిగినా, పెట్టెలో పడుకున్నా దానికి ఒకటే.

సంతలోని ముసలి మెకానిక్‌నే వెతుక్కుంటూ వెళ్లాం. ఆయన ఓపిగ్గా ఎనిమిది కొత్త చక్రాలూ బిగించి, బల్ల మీద అటూ ఇటూ నడిపించి చూపించాడు. తర్వాత కాగితం ముక్క, దారం తీశాడు.

మావయ్య గొంతు తగ్గించాడు. “ఆ కాగితం మాత్రం కట్టకండి. రేపు అమ్మాలంటే ధర పలకదు.”

ముసలాయన తలెత్తకుండానే రాయడం పూర్తిచేసి, ముడి బిగించాడు.

“ఇంతవరకూ ఇది అసలు బోగీయే డాక్టరు గారూ. ఈ కాగితం విప్పిన రోజు నకిలీ అవుతుంది.”