పశుపతీ... పప్పుచారులో ఇంగువేదీ?

ఆత్రేయపురం నుంచి నేపాల్ యాత్రకెళ్లిన బస్సు కాఠ్‌మాండూ చేరి రెండో రోజు. పశుపతినాథుడి దర్శనం బాగా జరిగిందా అని ఊళ్లోవాళ్లు ఫోన్ చేస్తే, "ఆయ్, జరిగిందండి. వంటోడే... చారులో ఇంగువ వెయ్యలేదండి!"

అక్కడి గడియారం మనకంటే పావుగంట ముందు. మనవాళ్ల కాఫీ కేకలు దానికంటే గంట ముందు. పాస్‌పోర్టు లేకుండా ఓటరు కార్డుతో పోయొచ్చే దేశమే అయినా, వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం 'ఫారిన్ టూర్'! మన వంద రూపాయలకు అక్కడ 160 అని తెలిసిన క్షణం నుంచి అందరూ కోటీశ్వరులే. రుద్రాక్షల కొట్టువాడితో అచ్చ కోనసీమ తెలుగులో బేరాలు! వాడికి తెలుగు రాకపోవడం వాడి అదృష్టం. బుఢానీలకంఠలో నీళ్ల మధ్య శేషశయనుడైతే ఇంత గోలలోనూ కన్ను తెరవలేదు. ఆ ఓపిక దేవుడికే చెల్లింది.

2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పూతరేకులు డబ్బాలకొద్దీ బయల్దేరాయి. ఘాట్ రోడ్డు కుదుపులకు పొడైపోయాయి. తింటే ఏ ఆకారమైనా ఒకటేగా! వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు ఓపిగ్గా ప్రదక్షిణలు చేసిన భక్తులే, ఇక్కడ కిటికీ సీటు కోసం రెండు రోజులుగా మాటల్లేకుండా ఉన్నారు.

ముక్తినాథ్ ఇంకా రానేలేదు. సుమారు 3,700 మీటర్ల ఎత్తు, 108 ధారల చన్నీటి స్నానం. "అక్కడ వేడినీళ్లు ఇస్తారా?" అని ఇప్పటికే పదిమంది అడిగారు. నిర్వాహకుడి ఫోను స్విచ్చాఫ్. అందరికంటే ముందు ఆయనకే ముక్తి కావాలంట!