ట్రక్కుశయన సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
గడ్డి కింద, గొంగడి మీద. పరదా దించి మూల విడువు. నిప్పు నేలకు, నిద్ర ట్రక్కుకు.

అవతారిక: ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో బాసగూడను ఒరుసుకుంటూ పారే ఏరు తెలంగాణలోకి దిగి, చర్ల మండలంలోని తాలిపేరు ప్రాజెక్టుకు తన పేరిచ్చి గోదావరిలో కలుస్తుంది. మిరప కోతల కాలంలో కూలిజనమూ ఇంచుమించు ఆ వాలునే దిగుతారు. కోతలు మొదలయ్యే జనవరిలో అడవి రాత్రులు 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. అలాంటి రాత్రి ట్రాక్టర్ ట్రక్కులోనే గడపవలసివస్తే ఏం చేయాలో ఈ సూత్రం చెబుతుంది. శాస్త్రమర్యాద ప్రకారం అనుబంధ చతుష్టయం: విషయం చలి, ప్రయోజనం నిద్ర, అధికారి పరుపు లేనివాడు, సంబంధం పక్కవాడి మోచేయి. మూలకారుడూ వ్యాఖ్యాతా ఒక్కరే కావడంతో పాఠభేదాల పేచీ లేదు. మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ సంస్కృత కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న కట్టుబాటు మాత్రం ఇక్కడ పూర్తిగా సాగదు.

ప్రతిపదార్థం: గడ్డి = ఎండిన వరిగడ్డి; కింద = ఒంటికీ రేకుకీ నడుమ; గొంగడి = ఉన్ని కప్పు, లేనిచోట బొంత; మీద = మెడ దాకా; పరదా = టార్పాలిన్; దించి = డోర్ల అంచులకు కట్టి; మూల = గాలి తగలని వైపు కొసను; విడువు = జానెడు కట్టక వదులుము; నిప్పు = నెగడు, కుంపటి, బీడీ మొదలైనవి; నేలకు, ట్రక్కుకు = వరుసగా వాటి వాటి చోట్లకు.

తాత్పర్యం: అడుగున మందంగా పరుచుకొని, పైన కప్పుకొని, గాలికి దారి వదిలి, నిప్పును దూరంగా ఉంచి పడుకోవలెనని భావము.

వ్యాఖ్య: గొంగడి కంటే ముందు గడ్డిని చెప్పడం ఊరికే కాదు. చలి పైనుంచి పడుతుందనుకొని జనం రెండు కప్పుకొని ఒకటి పరుచుకుంటారు. ట్రక్కులో ఈ లెక్క తిరగబడుతుంది. నేల మీద పడుకుంటే ఒంటి కింద మన్ను కాసేపటికి కాస్తయినా వేడెక్కుతుంది. ట్రక్కు అడుగు ఉక్కు రేకు, దాని కింద చక్రాల నడుమ రాత్రంతా గాలి ఆడుతూనే ఉంటుంది. ఎండుగడ్డితో పోలిస్తే ఉక్కు వందల రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. గడ్డి చేసే మేలు నిజానికి గడ్డిది కాదు, పరకల మధ్య చిక్కి కదలలేని గాలిది. అందుకే ఒళ్లు ఆనించి అణిగాక కూడా జానెడు మందం మిగలాలి. గాలి వచ్చే వైపు చక్రాల మధ్య నాలుగు గడ్డిమోపులు అడ్డం పెడితే అడుగు చలి బాగా తగ్గుతుంది. మంచుదేశాల్లో జనం నివసించే ట్రైలర్ల చుట్టూ అడుగున పలకలు బిగించేదీ ఇందుకే.

ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చినా తడి తెలియనివ్వదు కాబట్టి గొంగడికి అగ్రస్థానం. అయితే అది వేడి పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. వేడి పుట్టించేది ఒళ్లే. నిద్రలో ఉన్న మనిషి నుంచి 70 వాట్ల పైచిలుకు వేడి వస్తుంది. ఎనిమిదిమంది పడుకుంటే 500 వాట్లు దాటుతుంది. మోచేతి సంబంధం ఊరికే పెట్టలేదు.

శంక: అలాగైతే నాలుగు మూలలూ బిగిస్తే ఇంకా వెచ్చన కదా?

సమాధానం: కాదు. మనిషి ఒక రాత్రిలో ఊపిరితోనూ చర్మంతోనూ సుమారు పావు లీటరు నీరు వదులుతాడు. ఎనిమిదిమందికి రెండు లీటర్లు. పైన ఆకాశానికి వేడి పోగొట్టుకొని చల్లబడిన పరదా లోపలి ముఖానికి ఆ ఆవిరి అంటి, తెల్లవారుజామున మబ్బు లేని వాన మొదలవుతుంది. తడిసిన బొంత చలికి తలుపు తీసినట్టే. అమెరికాలో, కెనడాలో కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకొని చలికాలం గడిపేవారికీ ఈ బాధ తప్పదు. పొగగొట్టం లేని గ్యాస్ పొయ్యి లోపల వెలిగిస్తే మరీ ఎక్కువ, ఎందుకంటే కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ముసుగు తన్ని పడుకునేవారు ఇదే తప్పు గొంగడి లోపల చేస్తారు. సూత్రంలో ‘మీద’కు ‘మెడ దాకా’ అని అర్థం చెప్పింది అందుకే.

ఇక నిప్పు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదుల అనే క్షత్రియ వనిత యుద్ధంలో ఓడివచ్చిన కొడుకుతో ఊకనిప్పులా రాజుకుంటూ బతకవద్దనీ, తునికి కొరివిలా క్షణమైనా భగ్గున వెలగమనీ అంటుంది. రాజులకు సరే, ట్రక్కులో పడుకునేవాడికి ఈ ఉపదేశం ప్రాణాంతకం. వేసవిలో బీడీ ఆకు ఇచ్చే ఆ తునికి చెట్టు కట్టె కాలుతూ చిటపటమని రవ్వలు చిమ్ముతుంది, పక్కనే గడ్డి, పైన టార్పాలిన్! పోనీ ఊకనిప్పు మేలా అంటే, అది ఇంకా నెమ్మదిగా చంపుతుంది. సరిగా మండని నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. విదుల చెప్పిన రెండు నిప్పుల్లో ఏదీ ట్రక్కెక్కడానికి తగదు, మూల విడిచినా సరే. నెగడు దగ్గర కాచిన రాయిని గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. ఏట్లో ఏరిన రాయి మాత్రం కూడదు, లోపలి నీరు ఆవిరై పగులుతుంది.

విశేషం: బండి ఎక్కడ ఆపాలో సూత్రం చెప్పలేదు. చల్లగాలి బరువెక్కువై పల్లానికి జారి నిలుస్తుంది కనుక ఏటి ఒడ్డు కంటే మిట్ట నయం. తెల్లారాక గడ్డిని విదిలించి పొంగించాలి, గొంగడిని డోరు మీద ఆరేయాలి, పరదా లోపలి ముఖాన్ని ఎండకు తిప్పాలి. తొందరపడి మడిచి కట్టేస్తే నిన్నటి రెండు లీటర్లు ఇవాళ్టి రాత్రికీ వెంట వస్తాయి.