ఎప్పటికైనా పనికొస్తుందని

పెడన కలంకారీ ముక్క కనబడితే నా చెయ్యి ఆగేది కాదు. మంగళగిరిలో చీరల దగ్గర మిగిలిన బిట్లు, విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్టుకు వెళ్ళినప్పుడల్లా ఏరుకున్న కట్‌పీసులు, తెలిసిన టైలరు జాకెట్లు కత్తిరించగా కింద పడ్డ పీలికలు... అన్నీ ఇంటికి చేరేవి. వాటితోపాటు లేసులు, హుక్కులు, జిప్పులు, డజన్ల కొద్దీ దారపు రీళ్ళు. బొంతలు కుట్టాలని. ఒకటి రెండు కుట్టాను కూడా. తర్వాత కుట్టడం తగ్గింది, కొనడం తగ్గలేదు. అటక నిండింది.

బొంత కుట్టడం మా అమ్మమ్మ దగ్గర చూశాను. అవనిగడ్డ వైపు పల్లెలో నూలు చీర ఎన్ని రూపాలు మారేదో ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. కట్టి కట్టి మెత్తబడ్డ చీర ముందు దుప్పటయ్యేది. ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతుంటే దాన్నే ఉతికి, ఎండలో ఆరేసి, చింపి పొత్తిగుడ్డలకు దాచేవారు. చిరుగులు పడ్డవాటిని పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, పెద్ద సూదితో బొంత కుట్టేవారు. ఆ బొంత కూడా చివికిపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ. బొంత కోసమని అమ్మమ్మ విడిగా బట్ట కొనడం నేనెప్పుడూ చూడలేదు. కుట్టడానికి కూర్చున్న రోజుకి ఇంట్లో ఏది పాతబడితే అదే బట్ట. నేను మాత్రం కొత్త బట్ట కొని, ముక్కలు చేసి, దాచిపెట్టి, అమ్మమ్మ పని నిలబెడుతున్నానని నమ్మాను. ఇన్నేళ్ళూ నమ్మినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

దాచడం కూడా తెలియకుండా దాచాను. కొత్త నూలు బట్టలో గంజి ఉంటుంది. ఉతికి గంజి వదిలించకుండా ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టాను. మనది కృష్ణ ఒడ్డు, వానాకాలంలో గోడలే చెమ్మగిల్లే ఊరు. గంజికి పురుగు చేరింది, మడతల్లో బూజు పట్టింది. ఎలాస్టిక్ సాగే గుణం పోయి పొడిపొడిగా రాలింది. పాత నూలు దారం కొంచెం లాగితే తెగిపోయేది. సూదుల పొట్లాలు తుప్పు పట్టాయి. ఇవేవీ నేను విప్పి చూడలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మా వైపు నీళ్ళు రాలేదు. ఊళ్ళో ఎవరికి వాళ్ళు అన్నం పొట్లాలూ నీళ్ళ సీసాలూ మోసుకుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ వైపు వెళ్తుంటే, నేను అటక మీది మూటలు దింపించాను. ఇన్నాళ్ళకు పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాను. విప్పకుండానే ఆటోలో వేయించాను.

సింగ్‌నగర్‌లో నీళ్ళు తీస్తున్న ఒక వీధిలో ఇంటి ముందు కుట్టుమిషను కడుగుతున్న అమ్మాయి కనబడింది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. చెక్కబల్ల ఉబ్బి పొరలు విడిపోయింది. మోటారులో బురద. ఈమెకే ఇవ్వాలి అనుకుని మూట ఆమె ముందు విప్పాను. బూజు వాసన నాకే కొట్టింది. ఆమె రెండు ముక్కలు తీసి చూసి మళ్ళీ మూటలో పెట్టింది.

"ఇవి ఇప్పుడు నేనేం చేసుకోనండీ? కట్టుకోడానికి ఓ నైటీ, ఓ లంగా ఉంటే ఇప్పించండి అమ్మగారూ. పిల్లలకి పొడి దుప్పటి కావాలి" అంది.

కోపంగా అనలేదు. అడిగిన దానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. కానీ అసలు నేను అడగనే లేదు. అన్నీ తడిసిన ఇంటికి చెమ్మపట్టిన గుడ్డలు మోసుకెళ్ళి, వాటిని పారేసే చాకిరీ కూడా ఆమె నెత్తిన పెట్టబోయాను. పక్క సందు మొదట్లో అలాంటి మూటలే, ఎవరో ఇచ్చి వెళ్ళినవి, బురదలో పడి ఉన్నాయి. నాది వెనక్కి తెచ్చుకున్నాను.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదని తర్వాత తెలుసుకున్నాను. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దాతలు పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. 2015లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న అంశు గుప్తా, ఆయన స్థాపించిన గూంజ్ సంస్థ ఆ బట్టలు ఏరి, వేరుచేసి వాడుకలోకి తెచ్చే పని పెట్టుకున్నారు. కట్టుకోడానికి పనికిరాని నూలు బట్టతో నెలసరి గుడ్డలు, ముక్కలతో బొంతల్లాంటి సుజనీలు కుట్టిస్తారు. అక్కడ మొదటి పని ఏరడం. ఇచ్చేవాళ్ళు ఇంట్లోనే చేసి పంపాల్సిన పని అది.

ఆ తర్వాత మూటలన్నీ నేలమీద పోసి, ఒక్కొక్క ముక్కా చేత్తో పట్టుకుని చూశాను. నూలును వేరు చేశాను. పాలిస్టర్ కలిసిన ముక్క చెమట పీల్చదు, పసిపిల్లల ఒంటికి, బొంత లోపలికి అది వద్దు. శుభ్రంగా ఉన్నవాటిని ఉతికి, ఎండబెట్టాను. మీటరు దాటినవి జాకెట్లకూ లైనింగులకూ సరిపోతాయని కుట్టేవాళ్ళకు ఇచ్చాను. చిన్న నూలు ముక్కల్ని బొంతలు కుట్టే ఇద్దరు ఆడవాళ్ళు తీసుకున్నారు, రంగు వదిలేవి మాత్రం వెనక్కిచ్చారు. మరకలు పడ్డ నూలుగుడ్డ ఆటోనగర్‌లో మెకానిక్కులకు గ్రీజు తుడుచుకోడానికి పనికొచ్చింది. పాలిస్టర్ పీలికల్ని సన్నగా కత్తిరించి కుషన్లలో కూరాను. బూజు పట్టినది మాత్రం పొడి చెత్తలోకే పోయింది. కొన్న డబ్బు, పండించిన పత్తి, అద్దకం చేసిన చేతులు, అన్నీ అందులో కలిసిపోయాయి. మూటగట్టి రైవస్ కాల్వలోకో ఏలూరు కాల్వలోకో విసిరేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాల్చేవాళ్ళూ ఉన్నారు. రెండూ చెయ్యకండి, దయచేసి.

తుప్పు సూదుల్ని మూతబిగిసే సీసాలో వేసి, పైన సూదులని రాసి చెత్త తీసుకెళ్ళేవాళ్ళకు ఇచ్చాను. చెత్త ఏరేవాళ్ళ చేతులకు గుచ్చుకోకూడదు. మిగిలిన మంచి సూదులు సింగ్‌నగర్ అమ్మాయికి ఇద్దామనిపించింది. ఈసారి ముందు అడిగాను. ఆమె కొత్తగా కొన్నది జూకీ మిషను, దానికి గుండ్రటి తల సూది కావాలి. నా దగ్గరున్నవి ఇళ్ళలో తొక్కే మిషన్లవి, ఒక వైపు చదునుగా ఉంటాయి, పట్టవు. "మా వీధిలో నేర్చుకుంటున్న పిల్లలున్నారండీ, వాళ్ళవి తొక్కుడు మిషన్లే. సూదులు వాళ్ళకివ్వండి. నాకు లైనింగు బట్ట ఉంటే చెప్పండి, తెల్లదీ క్రీముదీ" అంది. తెల్లది ఉంది. క్రీము రంగు లేదు, అది మాత్రం కొనబోవడం లేదు.