నడుమ ఇద్దరు

సూరత్‌లో పర్వత్ పాటియా, లింబాయత్ వైపు వెళ్తే తెలంగాణ తెలుగు వీధిలోనే వినిపిస్తుంది. వరంగల్, నల్గొండ, కరీంనగర్ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. మగవాళ్లు మగ్గాల మీదికి పోతే ఆడవాళ్లు ఇంట్లోనే చీరల పని చేస్తారు. ఎంబ్రాయిడరీ చీర వెనక వేలాడే దారాలు కత్తిరించడం, లేసు కుట్టడం, రాళ్లు అంటించడం. కూలి చీర లెక్కన. ఆ లెక్క ఎంతో చెప్పేది మాల్ తెచ్చే మనిషి. బేరం కుదరదు. గిట్టదంటే ఆ మూట పక్కింటికి పోతుంది.

ఈ కూలి సంగతి తేల్చడానికే ఒక ఆదివారం అక్కడి తెలుగువాళ్లు రౌండ్ టేబుల్ సమావేశం పెట్టుకున్నారు. పెట్టించింది ఒక రిటైర్డ్ మాస్టారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. ఆయన అలాంటి బడిలో పాఠాలు చెప్పినవారు. వేదిక వద్దన్నారు, మైకు వద్దన్నారు. అంత పెద్ద గుండ్రటి బల్ల ఎక్కడా దొరకదు గనక కుర్చీలనే గుండ్రంగా వేయించారు. ‘‘వియత్నాం యుద్ధం ఆపడానికి పారిస్ చేరినవాళ్లు బల్ల ఏ ఆకారంలో ఉండాలో తేలక వారాల తరబడి వాదించుకున్నారు. 1969 జనవరిలో గుండ్రటి బల్లకు ఒప్పుకున్నాకే నాలుగు పక్షాలూ కలిసి కూర్చున్నాయి’’ అని చెప్పి, మాట ఒక కుర్చీ నుంచి పక్క కుర్చీకి వరసగా వెళ్లాలనీ, ఎవరికైనా రెండే నిమిషాలనీ నియమం పెట్టారు.

ఆయన పట్టుదల చూసి నాకు గౌరవం కలిగింది. 1930లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి మన దేశం నుంచి వెళ్లిన స్త్రీలు ఇద్దరే, బేగం షానవాజ్, రాధాబాయి సుబ్బరాయన్. ఇక్కడ సగం కుర్చీల్లో ఆడవాళ్లే ఉన్నారు.

దారాల పని చేసే ఒకావిడ వంతు వచ్చింది. చీరకు రూపాయి పెంచాలంది. నెలనెలా పదో తారీఖుకల్లా డబ్బు చేతికి రావాలంది. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. తర్వాత ఇద్దరు నీళ్ల గురించీ, పిల్లల ఫీజుల గురించీ మాట్లాడారు. ఆ పక్క కుర్చీలో ఉన్నది అందరికంటే ఎక్కువ ఇళ్లకు మాల్ పంచే పెద్దమనిషి. ఆయన గొంతు సవరించుకుని, ‘‘నాకొకటి తోస్తున్నది. చీరకు రూపాయి పెంచుదాం. పదో తారీఖు లోపల పైసలు ఇచ్చేద్దాం’’ అన్నాడు.

చప్పట్లు మోగాయి. మినిట్స్ పుస్తకంలో తీర్మానం ఆయన పేరు మీద ఎక్కింది. రాస్తున్నది పదో తరగతి చదివే అమ్మాయి, ఆ దారాల పని ఆవిడ కూతురే.

నాకు మనసు ఊరుకోలేదు. సభ అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్లి, ‘‘అది మీరన్న మాటే కదమ్మా. పుస్తకంలో దిద్దించమని మాస్టారుకు చెప్తాను’’ అన్నాను.

ఆవిడ కంగారుపడింది. ‘‘వద్దు సారూ, మీకు దండం పెడ్త. ఆయన పేరే రాయమని మా పిల్లకు పొద్దుగాలనే చెప్పిన.’’

‘‘ఆయన ఆ మాట అంటాడని పొద్దున్నే మీకెలా తెలుసు?’’

‘‘నేనడిగితే రూపాయి పెరగదు సారూ. ఆయన అంటే పెరుగుతది. అందుకే ఆయన కూసున్నంక లెక్క జూసుకోని కూసున్న. పక్కపొంటే కూసుంటే అది నా మాటని అందరికి ఎరుకైతది, ఆయన అననే అనడు. దూరం కూసుంటే మర్చిపోతడు. నడుమ ఇద్దరుంటే సరిపోతది.’’

ఆ నెల నుంచే చీరకు రూపాయి పెరిగింది.