ఒక్క కాటా ఇప్పించండి

మహారాజశ్రీ నగరపాలక కమిషనర్ గారి దివ్య సముఖానికి,

హోటల్ వెనక సందులో కాపురముంటున్న ఓ పన్ను చెల్లింపుదారుడు నమస్కరించి చేసుకునే విన్నపం.

ముందుగా అభినందనలు. తమ ఆజ్ఞ మేరకు మా హోటలాయన తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా పెట్టాడు. తమ సిబ్బంది ఫొటో తీసుకెళ్లారు. రాత్రి పదకొండు దాటాక మాత్రం మిగిలిన బిర్యానీ, కొరికి వదిలేసిన వడలు, సాంబారు కారే పార్సిల్ కవర్లు, నీళ్ల సీసాలు అన్నీ ఒకే నల్ల సంచిలో పడతాయి. తమ బండి వచ్చేలోపు తడినీ పొడినీ వేరుచేసే పని నిష్ఠగా చేస్తున్నవి మా సందు కుక్కలే. వాటికి జీతమైనా లేదు.

చట్టం లేదనను. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త పోసేవారిని 2016 నాటి నియమాలే పెద్ద చెత్తదారులుగా లెక్కగట్టాయి; హోటళ్లు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలనీ చెప్పాయి. కానీ ఆ వంద కిలోలు తూచిందెవరు? బిర్యానీలో జీడిపప్పును గ్రాముల్లో తూచే హోటలాయనకు పారబోసే అన్నానికి కాటా అక్కర్లేదు. బకెట్టు పోసినా బండెడు పోసినా నెలకు రుసుము ఒకటే. ఇక వండేది తగ్గించుకోవాలని ఆయనకెందుకు అనిపిస్తుంది?

నూనె సంగతీ అంతే. పదేపదే కాచితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెలో వేయించకూడదని 2018 జూలై నుంచి నిబంధన. అలాంటి నూనెను బయోడీజిల్‌కు పంపే దారీ ఉంది. మా సందు నూనె మాత్రం నల్లబడ్డాక డబ్బాలకెక్కి బజ్జీల బండి దాకా వెళ్లి ఆగిపోతోంది.

తడి చెత్తను వాడుకోవడం సాధ్యం కాదనకండి. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో కుళ్లిన కూరగాయల నుంచి కరెంటూ గ్యాసూ తీసి చూపించారు. కూరగాయల చెత్త విడిగా దొరికింది కనుకే అది కుదిరింది. ప్లాస్టిక్ కవర్లు కలిసిన సాంబారుతో ఏ శాస్త్రవేత్తా ఏమీ చేయలేడు.

కాబట్టి తమరిని అడిగేవి రెండే: హోటళ్ల తడి చెత్తకు వేరే బండి, ఆ బండికో కాటా. కిలోల లెక్కన బిల్లు వేయండి. మరుసటి నెలకే మెనూలో హాఫ్ ప్లేటు వెలుస్తుంది. సర్వర్ అడిగి మరీ చట్నీ వడ్డిస్తాడు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: అర్జీలు మూడు ప్రతులు ఇవ్వాలని తమ కార్యాలయంలో చెప్పారు. ఒక్కటే పంపుతున్నాను. చెత్త తగ్గించడం ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా!