గవాక్షవిభాగము: టీకా తాత్పర్యసహితము

అవతారిక. కంప్యూటరు తెరపై గవాక్షములు, అనగా జనులు విండోలని వ్యవహరించునవి, ఒకదానిపై నొకటి పడియుండుట స్వభావసిద్ధమని మనలో పెక్కుర నమ్మకము. చరిత్ర చూడబోయిన నది నిలువదు. 1981లో జెరాక్స్ సంస్థ వెలువరించిన స్టార్ యంత్రమునందు గవాక్షములు ప్రక్కప్రక్కనే యమరెడివి. 1985లో వచ్చిన విండోస్ మొదటి ప్రతియందును ఒక గవాక్షము మఱియొకదానిని కప్పుటకు అధికారము లేకుండెను. 1987లో రెండవ ప్రతి వచ్చి యా యధికారము నొసగిన పిమ్మటనే మన యిప్పటి యాచారము విండోస్ నందు స్థిరపడినది. ఆ పూర్వాచారమును పునరుద్ధరింప బూనిన సంప్రదాయమునకు టైలింగ్ విండో మేనేజరని పేరు. అందు డీడబ్ల్యూఎమ్ 2006లోను, ఎక్స్‌మోనాడ్ 2007లోను, మైకేల్ స్టాపెల్‌బర్గ్ కర్తృత్వమున ఐ3 2009లోను బయలువెడలినవి. డీడబ్ల్యూఎమ్ వారు తమ మూలము రెండువేల పంక్తులకు మించరాదని నియమము పెట్టుకొని, మార్పు వలసినవాడు సీ భాషలోనే మార్చి మరల కంపైలు చేసికొనవలయునని శాసించిరి. ఐ3 కర్త యంత కఠినుడు గాడు. కాన్ఫిగ్ అను పేర నొక సాదా ఫైలు చాలునని యనుగ్రహించెను.

2001లో లినక్స్ బెంగుళూరు పేరిట నారంభమై, పిదప ఫాస్.ఇన్ అను నామాంతరముతో సాగిన సభల నాటినుండియు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు బెంగుళూరు నగరమున శిష్యులు కొఱత లేరు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో మారతహళ్ళి పీజీలలోనో రాత్రి రెండు గంటలకు దీపము వెలుగుచున్న గది కనబడినచో, లోపలి మనుష్యుడు కొలువు పని చేయుచున్నాడని తలపవలదు. ఈ కాన్ఫిగ్ ఫైలునే సవరించుచుండును. అట్టి గ్రంథమునకు తెలుగున వ్యాఖ్య లేకపోవుట న్యూనతయని తలచి, ముఖ్యములగు కొన్ని సూత్రముల కిట వివరణము వ్రాయబడుచున్నది.

మూలము: సెట్ $మాడ్ మాడ్4

టీక: సెట్ = నియమింపుము; $మాడ్ = మాడ్ అను సంజ్ఞను (డాలరు గుర్తు సంజ్ఞాత్వమునకు చిహ్నము గాని ధనమునకు గాదు); మాడ్4 = కంట్రోల్, ఆల్ట్ మీటల నడుమ విండోస్ ముద్ర దాల్చి కూర్చున్న మీటగా.

తాత్పర్యము: ఇకమీద రాబోవు సూత్రములన్నిటికిని ఈ మీటయే యధిష్ఠానమని భావము.

విశేషము: ఐ3ని మొదటిసారి తెఱచినపు డొక చిన్న గవాక్షము ప్రత్యక్షమై, ఆల్ట్ కావలెనా విండోస్ మీట కావలెనా యని ప్రశ్నించును. ఆల్ట్ కోరినవారు పిదప వగతురు, ఏలయన ఆ మీటతో చేయు పనులు పెక్కింటిని బ్రౌజర్లును ఎడిటర్లును ముందే యాక్రమించి యున్నవి. మైక్రోసాఫ్ట్ వారి ముద్రగల మీటతో లినక్స్ నేలవలసి వచ్చుట విధివిలాసమని కొందఱు. మీట సత్యము, ముద్ర యుపాధి యని వేదాంతులు.

మూలము: బైండ్‌సిమ్ $మాడ్+జె ఫోకస్ లెఫ్ట్, $మాడ్+కె ఫోకస్ డౌన్, $మాడ్+ఎల్ ఫోకస్ అప్, $మాడ్+సెమీకోలన్ ఫోకస్ రైట్

టీక: బైండ్‌సిమ్ = అక్షరమునకు ముడివేయుము; ఫోకస్ = దృష్టిని, అనగా టైపు చేసిన యక్షరములు ఏ గవాక్షమును చేరవలయునో యా యర్హతను; లెఫ్ట్ మొదలగునవి దిక్కులు.

పాఠాంతరము: ఈ స్థలమున పాఠభేదము ప్రబలము. వీఐ సంప్రదాయము వారు హెచ్, జె, కె, ఎల్ అని చదువుదురు. వారికి ప్రమాణ మేమనగా, బిల్ జాయ్ వీఐ ఎడిటరును రచించిన ఏడీఎమ్-3ఏ యను టెర్మినలునందు బాణపు గుర్తులు ఆ నాలుగు మీటలపైననే ముద్రింపబడి యుండెను. ఐ3 కర్త మాత్రము, కుడిచేతి వ్రేళ్లు విశ్రాంతిగా నుండు మీటలు జె మొదలుకొని సెమీకోలన్ వఱకే గదా, చూపుడువ్రేలిని హెచ్ మీదికి జరుపనేల యని విచారించి, వరుసనొక స్థానము కుడికి జరిపెను. ఇది న్యాయమే యైనను, ఇరువదేండ్లు వీఐ నభ్యసించిన వ్రేళ్లు న్యాయమును వినవు. తరువాత వచ్చిన స్వే యను గ్రంథము ఐ3 వాక్యములను దాదాపు యథాతథముగ గ్రహించియు, ఇచట హెచ్ పాఠమునకే మొగ్గినది.

ఇక తెలుగువారికి మాత్రమే కలుగు సందేహ మొకటి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేయువాని కా నాలుగు మీటలును క్రమముగా ర, క, త, చ లగును. వీఐ వారి పాఠము ప, ర, క, త యగును. అక్షరముతో ముడివడిన సూత్రము, భాష మారినప్పు డర్థము తప్పు ప్రమాదము కలదు గావున, స్థానమునే పట్టి ముడివేయు బైండ్‌కోడ్ అను ప్రత్యామ్నాయమును కర్త యేర్పఱచెను. ఎక్స్‌ఎవ్ అను పనిముట్టును నడిపి మీట నొక్కినచో దాని సంఖ్య కనబడును: జె 44, కె 45, ఎల్ 46, సెమీకోలన్ 47. ర యన్నను జె యన్నను 44 మారదు.

మూలము: బైండ్‌సిమ్ $మాడ్+హెచ్ స్ప్లిట్ హెచ్

టీక: స్ప్లిట్ = విభజింపుము; హెచ్ = హారిజాంటల్‌గా, అడ్డముగా.

ఆక్షేపము: అడ్డముగా ననగా నేమి? విభజించు గీత అడ్డముగనా, విభక్తములగు గవాక్షములు అడ్డముగ బారులు తీరునా? విమ్ ఎడిటరు వ్యవహారమున హారిజాంటల్ స్ప్లిట్ అన్నచో గీత అడ్డముగ నుండి, గవాక్షములు క్రిందుమీదుగ నుండును. ఐ3 నందును, టెర్మినలును విభజించు టీమక్స్ నందును గవాక్షములు ప్రక్కప్రక్కన నిలిచి, గీత నిలువుగ నుండును. ఒకే తెరపై మూడింటిని వాడు నిర్భాగ్యున కీ శబ్దము దినమున కెన్నిమార్లు శత్రువగునో చెప్పనలవి గాదు.

సమాధానము: బెంగుళూరున స్థలము పంచుకొన్న యన్నదమ్ముల కిది సుబోధము. నలుబది అరువది సైటు నిద్దఱు పంచుకొనునపుడు గోడ యే దిక్కున బోవుచున్నదో యెవ్వడు నడుగడు. తనకు ముప్పది నలుబది దక్కినదా, రోడ్డువైపు ముఖము తనకు గలదా యనియే యడుగును. ఐ3 దృష్టియు నట్టిదే. గీతను గాక, గవాక్షముల వరుసను జూచి పేరిడినది. 1920 వెడల్పు, 1080 ఎత్తుగల మానిటరుపై రెండు గవాక్షములు ప్రక్కప్రక్క నున్న చెఱియొకదానికి 960 వెడల్పు వచ్చును; రెండవదానిని నిలువుగ విభజించినచో 540 ఎత్తున రెండు దొరకును; మూడింటిని ఒకే వరుసలో నిలిపిన తలకు 640. బార్డరుకును క్రింది బారుకును పోవు చిల్లర నిట లెక్కింపలేదు.

విశేషము: ఈ సూత్రమును ప్రయోగించిన తక్షణము తెరపై నేమియు జరిగినట్లు తోపదు. నూతనముగ నభ్యసించువాడు మీట పనిచేయలేదని యెంచి మరల మరల నొక్కును. ఫలము తరువాత తెఱవబోవు గవాక్షమునందే వ్యక్తమగును. యజ్ఞము ముగిసినను స్వర్గము వెంటనే రాదుగదా, నడుమ నేది నిలిచియుండునను ప్రశ్నకు మీమాంసకులు అపూర్వమను దానిని కల్పించిరి. ఐ3 కర్త యట్లే గవాక్షపు అంచున, హెచ్ అయిన కుడివైపున, వి (నిలువు) యైన క్రిందివైపున, సన్నని రంగుగీత నొకదానిని నిలిపెను. అపూర్వమును కంటికి జూపిన ఘనత యీయనదే.

ఇంతకును ఐ3 వాడుటవలన కాలము కలిసివచ్చునను వాదమును నేనంగీకరింపను. మౌసు మీదికి చేయి పోకుండుటవలన మిగులు క్షణములను కూడబెట్టి చూచినను, ఒక కామా తప్పినందుకు తెర పైభాగమున నెఱ్ఱని పట్టీ వచ్చి దోషమున్నదని హెచ్చరించిన యొక్క రాత్రికే యవి చెల్లు. నిజముగ మిగులునది నిర్ణయము. ఏ గవాక్షము నెక్కడ పెట్టుదునా యని మాటిమాటికి చేయు విచారణ నొక్కమారే చేసి, టెర్మినల్ ఒకటవ వర్క్‌స్పేసున, బ్రౌజరు రెండవదాన, ఆఫీసు చాటింగు కంటబడకుండ తొమ్మిదవదాన నని వ్రాసి పెట్టుకొన్న పిమ్మట మనసున కా భారము లేదు. ఈ సుఖము చిన్నది గాదు.

మూలము: ఫర్_విండో [క్లాస్="కాల్క్యులేటర్"] ఫ్లోటింగ్ ఎనేబుల్

తాత్పర్యము: కాల్క్యులేటరు మాత్రము నియమమునకు లోబడక తేలియాడుగాక యని యపవాదము. లేనిచో పదునేడును ఇరువదిమూడును కూడుటకు సగము తెర పోవును. ఉత్సర్గమును కఠినముగ బోధించువారి ఫైళ్లలోనే యిట్టి యపవాదములు మెండని గ్రహించునది.

మూలము: బైండ్‌సిమ్ $మాడ్+షిఫ్ట్+క్యూ కిల్

టీక: కిల్ = చంపుమని వాచ్యార్థము; ముగింపుమని ప్రార్థింపుమని లక్ష్యార్థము.

విశేషము: ఇది వధ గాదు. ఐ3 మొదట నా యప్లికేషనునకు మూసికొనుమని మర్యాదగ విన్నవించును; ఆ మర్యాద తెలియని దానినే బలాత్కారముగ ద్రోయును. కిల్ క్లయింట్ అని పాఠము మార్చినచో ఒక గవాక్షము గాక యా యప్లికేషను సర్వస్వము పోవును. మొత్తము సెషనును ముగించు $మాడ్+షిఫ్ట్+ఇ సూత్రము మాత్రము వెంటనే పని చేయక, తెరపై నొక పట్టీ పఱచి, నిజముగ వెడలెదవా యని యడుగును.

ఈ రెండు సూత్రముల భేదము మా గదిలోని గుంటూరు మిత్రుని వలన నాకు స్పష్టమైనది. అద్దె లెక్కలు చూచుకొనుటకు నా యంత్రము నడిగి పుచ్చుకొన్న యాతడు, పని ముగియగనే తెర నాలుగు మూలలను మౌసుతో గాలించి, "ఒరేయ్, దీనికి ఇంటూ గుర్తేదిరా? మినిమైజన్నా ఉందా?" యని కేకవేసెను. ఐ3 గవాక్షముల నెత్తిన మీటలుండవనియు, మినిమైజను క్రియ యిందు లేదనియు, మీట లివియని చెప్పినంత, ఆతడు క్యూకు మాఱుగ నెచటనో నొక్కి పట్టీని రప్పించెను. దానిని ఐ3-నాగ్‌బార్ అందురు. దాని కుడికొసను, ఈ తంత్రమంతటను మఱెందును గానరాని ఇంటూ గుర్తొకటి కలదు. "ఇదుగోరా, దొరికింది!" అని మిత్రుడు పరమానందమున దానిని నొక్కెను. ఆ గుర్తు ప్రశ్నను మాత్రమే మూయును. అద్దె లెక్కల గవాక్షము యథాస్థానమున నుండెను.